ఇంజిన్ మార్చాక యాక్సిలరేటర్ కేబుల్ కాలిపోతోందా?

రాయగడలో మా పాత డీజిల్ వ్యాన్‌కి వేరే ఇంజిన్ బిగించాం. బ్యాటరీ కొత్తదే, అయినా సెల్ఫ్ కొడితే బరువుగా తిరిగేది. నాలుగోసారి కొట్టాక యాక్సిలరేటర్ కేబుల్ మీద చెయ్యి వేస్తే చుర్రుమంది! ఇంజిన్ కూర్చునేది రబ్బరు మౌంటింగుల మీద, దాన్నీ బాడీనీ కలిపే ఎర్త్ పట్టీ వెయ్యడం మర్చిపోయాం, దాంతో స్టార్టర్ కరెంటు ఆ సన్న కేబుల్ గుండా పోతోంది. పెయింటు గీకి లావు పట్టీ బిగించగానే ఒక్క దెబ్బకి స్టార్టయింది.

తర్వాత ఛార్జింగ్ రాలేదు. డ్యాష్‌బోర్డులో బ్యాటరీ బల్బు మాడిపోయింది, బ్యాటరీని ఛార్జ్ చేసే మా ఆల్టర్నేటర్‌కి మొదటి కరెంటు దాని గుండానే అందాలి.

కొరాపుట్ ఘాట్‌లో ఇంజిన్ వేడెక్కింది, కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) గొట్టాల్లో గాలి ఉండిపోయింది. పూర్తిగా చల్లారాకే రేడియేటర్ మూత తీసి, వ్యాన్ ముక్కు ఎత్తులో ఉండేలా వాలు మీద నిలిపి, పై గొట్టం పిసుకుతూ బుడగలు ఆగేదాకా కూలెంట్ పోశాం.