కృత్రిమ ఎముక సిమెంటు – 3వ పాఠం: పొడి తడిపాక

పోయిన పాఠంలో ఈ సిమెంటుకు కావలసిన రెండు పొడుల్నీ, అంటే టెట్రాకాల్షియం ఫాస్ఫేట్‌నీ నీరు లేని డైకాల్షియం ఫాస్ఫేట్‌నీ, నూరి, తేమ తగలని డెసికేటర్ పాత్రలో పెట్టాం. ఈసారి తడుపుదాం.

ముందు లెక్క. టెట్రాకాల్షియం ఫాస్ఫేట్ ఫార్ములాలో కాల్షియం 4, ఫాస్ఫరస్ 2. నీరు లేని డైకాల్షియం ఫాస్ఫేట్‌లో ఒకటీ ఒకటీ. రెండూ కలిస్తే 5కి 3. ఎముక ఖనిజానికి దగ్గరి చుట్టం హైడ్రాక్సీఅపటైట్‌లో 10కి 6, అంటే అదే! మోల్స్ (కణాల లెక్క) సమానమంటే బరువులు సమానమని కాదు, చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ఫార్ములా భారాలు 366, 136. కాబట్టి 10 గ్రాముల పొడికి మొదటిది 7.29, రెండోది 2.71 గ్రాములు తూచండి.

1980లలో అమెరికాలోని గైథర్స్‌బర్గ్‌లో బ్రౌన్, చౌ అనే ఇద్దరు పరిశోధకులు వెతికింది ఎముక కోసం కాదు. పంటి పైపొరలో మొదలయ్యే పుచ్చుకు ఖనిజం ఎక్కించే ముద్ద కోసం చూస్తుంటే, ఈ పొడుల జంట గట్టిపడి కూర్చుంది. 1996లో పుర్రె ఎముక లోపాలు పూడ్చడానికి అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించింది.

ఇక చేతిపని. గాజుపలక మీద పొడి పోసి, 3 మిల్లీలీటర్ల డైసోడియం ఫాస్ఫేట్ ద్రావణం కలిపి, స్పాట్యులాతో అరనిమిషం గట్టిగా అదమండి. మొదట ఇసుకలా విడివిడిగా ఉంటుంది. తొందరపడి ఇంకో చుక్క వెయ్యకండి, అదముతుంటే టూత్‌పేస్టులా దారికొస్తుంది. ద్రవం ఎక్కువైతే పని సులువే, కానీ ఆ నీరున్న చోటల్లా రంధ్రాలు మిగిలి బలం పోతుంది. ఉత్త నీటితో అయితే గట్టిపడటానికి అరగంట దాకా పడుతుంది. సర్జన్ అంతసేపు ఆగలేడు, ఫాస్ఫేట్ ద్రావణం వాడేది అందుకే. లోపల జరిగేది ఇది: రెండు పొడులూ కొద్దికొద్దిగా కరుగుతాయి, వాటికంటే తక్కువ కరిగే అపటైట్ సన్నని స్ఫటికాలుగా విడిపోయి ఒకదానిలో ఒకటి చిక్కుకుంటుంది.

ముద్దను అచ్చులో నింపి, 37 డిగ్రీల దగ్గర తేమగా ఉంచి, నిమిషానికోసారి గిల్మోర్ సూది (గట్టిపాటు చూసే బరువున్న సూది) ఆనించండి. 113.4 గ్రాముల సూది గుర్తు పడకపోతే మొదటి గట్టిపాటు, 453.6 గ్రాముల సూదికీ పడకపోతే చివరిది. మొదటిది 8 నిమిషాల్లోపు, చివరిది 15 నిమిషాల్లోపు వస్తే మంచి పాళం. అస్సలు గట్టిపడలేదా? టెట్రా సీసా మూత చూడండి. తేమ తగిలిన పొడి పైన ముందే అపటైట్ పొర కట్టి మొండికేస్తుంది.

ఇంటిపని: ఆల్ఫా ట్రైకాల్షియం ఫాస్ఫేట్ జత లేకుండానే నీటితో గట్టిపడుతుంది. దాని లెక్క 3కి 2. ఆరు ఫాస్ఫరస్‌లకు ఎన్ని కాల్షియాలు వస్తాయో, పది కావడానికి ఎన్ని తక్కువో చూసి రండి. వచ్చే పాఠం అక్కణ్నుంచే.