పొట్టేలు ముక్కుతోందా? ముందు కింద తడి ఉందో లేదో చూడండి

బక్రీద్ కోసం పొట్టేళ్లను కట్టేసి మేపే రోజుల్లో కనిగిరి, పొదిలి, ఉదయగిరి వైపు నుంచి వచ్చే ఫోన్లలో సగం ఒకేలా ఉంటాయి. “పొట్టేలు ముక్కుతా ఉంది సార్, పెంటికలు పడటం లా. ఉబ్బరం మందు పోశాం, ఆముదం కూడా పోశాం.” ఉచ్చ ఎప్పుడు పోసింది అని అడుగుతాను. అవతల కాసేపు మాట ఉండదు. తర్వాత “పోసే ఉంటది సార్” అంటారు.

పోసే ఉంటది అంటే కుదరదు, చూడాలి. జీవాన్ని మందలోంచి విడదీసి, ఎండిన గోనెపట్ట పరిచి దాని మీద రెండు గంటలు కట్టేయండి. ఖర్చు లేని పరీక్ష ఇది. ఎందుకో మరి, ఎవరూ చేయరు. పట్ట బాగా తడిసిందంటే ఇబ్బంది పొట్టలోనో పేగులోనో ఉంది, ఆ దారిన వెళ్లండి. పొడిగా ఉంటే మూత్రం బిగిసిందనే అనుకోవాలి, అంటే రాయి అడ్డుపడి దారి మూసుకుంది. నాలుగు చుక్కలు, అందులో ఎర్రజీర కనిపిస్తే అదీ బిగిసినట్టే. చుక్కలు పడుతున్నాయి కదా అని ధైర్యం తెచ్చుకోకండి. నిండిన మూత్రపు సంచిలోంచి ఒత్తిడికి కారే చుక్కలవి.

అలాగే బొడ్డు కింద తోలు కొసన ఉండే వెంట్రుకలు చూడండి. బాగున్న పొట్టేలికి అవి తడిగా ఉంటాయి. బిగిసిన దానికి ఎండిపోయి, వేళ్లతో నలిపితే సన్న ఇసుకలా రాలుతుంది. ఆ ఇసుక కనబడితే ఇంకో పరీక్ష అక్కర్లేదు, వెంటనే ఫోన్ చేయండి. వెనక కాళ్లు చాచి నిలబడటం, తోక టపటపలాడించడం, పళ్లు కొరకడం, పొట్టను కాలితో తన్నుకోవడం కూడా ఉంటాయి. మలబద్ధకంలోనూ ముక్కుతాయి కాబట్టి ముక్కుడు ఒక్కటే చూసి ఏదీ తేల్చలేం.

రాయి ఎక్కడ ఇరుక్కుంటుంది

పొట్టేలికి, మేకపోతుకి అంగం కొసన దారంలా వేలాడే సన్న గొట్టం ఒకటి ఉంటుంది. రాయి ఎక్కువగా ఇరుక్కునేది అందులోనే. అక్కడ కాకపోతే కాస్త పైన, మూత్రనాళం ఆంగ్ల ఎస్ అక్షరంలా మెలిక తిరిగే చోట. ఆడజీవాలకూ రాళ్లు పుడతాయి కానీ వాటి నాళం పొట్టిగా, వెడల్పుగా ఉండటంతో బయటికి కొట్టుకుపోతాయి.

కొసనే ఉంటే పని తేలిక. పొట్టేలిని పిరుదుల మీద కూర్చోబెట్టి, అంగాన్ని తొడుగులోంచి బయటికి తెచ్చి, ఆ సన్న గొట్టాన్ని డాక్టర్ కత్తిరిస్తారు. అప్పటికప్పుడే ధార కట్టడం చాలాసార్లు చూశాను. “ఇక విత్తనానికి పనికిరాదా సార్?” అని నెల్లూరు జోడిపి జాతి పొట్టేళ్లు పెంచేవాళ్లు అడుగుతుంటారు. పనికొస్తుంది, దాటడానికి అడ్డేమీ ఉండదు. కానీ ధార వచ్చింది కదా అని వదిలేయకండి. పైన ఇంకా రాళ్లుంటే ఒకటి రెండు రోజుల్లో మళ్లీ బిగుస్తుంది. గోనెపట్ట పరీక్ష మరో నాలుగు రోజులు సాగాలి.

మెలికలో ఇరుక్కుంటే ఆపరేషనే. పొట్ట పక్కన కోసి, మూత్రపు సంచిలోకి ఫోలీ కేథెటర్ అనే సన్న గొట్టం వేసి, మూత్రాన్ని ఆ దారిన బయటికి పంపిస్తారు. అసలు దారికి విశ్రాంతి దొరుకుతుంది. రాయి కరిగే మందులు వాడుతూ వారం, పది రోజుల్లో, ఒక్కోసారి ఇంకాస్త ఆలస్యంగా, దారి తెరుచుకుంటుంది. ఏరియా పశువుల ఆసుపత్రిలో వీలు కాకపోతే పశువుల పాలీక్లినిక్‌కో, తిరుపతి వెటర్నరీ కాలేజీకో తీసుకెళ్లాలి.

ఈలోగా చేయకూడనివి ఉన్నాయి. షాపులో అడిగి ఉచ్చ ఇంజెక్షన్ వేయించకండి. అందులోని ఫ్రూసెమైడ్ మూత్రాన్ని ఇంకా తయారు చేస్తుంది, దారేమో మూసుకుని ఉంది. బార్లీ నీళ్లు, పల్లేరు కషాయం సీసాలకు సీసాలు పట్టించడం కూడా ఇదే కోవ. అవన్నీ దారి తెరుచుకున్నాక చూసుకోవచ్చు.

“తగ్గింది సార్, మీరు రాబళ్లేదు”

నన్ను ఎక్కువసార్లు దెబ్బ తీసింది ఈ మాటే. రాత్రంతా ముక్కి, మూలిగి, మేత ముట్టని పొట్టేలు తెల్లారేసరికి ప్రశాంతంగా నిలబడుతుంది. తన్నుకోదు, పళ్లు కొరకదు. నాలుగు ఆకులు కూడా నములుతుంది. ఇంట్లోవాళ్లకు ప్రాణం లేచొస్తుంది, దారిలో ఉన్న నాకు ఫోన్ చేసి వెనక్కి వెళ్లమంటారు. రెండు మూడు రోజులకు మళ్లీ ఫోన్: “పొట్ట ఉబ్బింది సార్, గ్యాసేమో.”

గ్యాస్ కాదు, మూత్రపు సంచి పగిలింది. పూర్తిగా బిగిశాక ఒకటి రెండు రోజుల్లో ఇది జరగొచ్చు. సంచి సాగినంత సేపే నొప్పి. పగలగానే ఒత్తిడి పోతుంది, నొప్పి పోతుంది, మూత్రమంతా పొట్టలోకి దిగుతుంది. జీవం కుదుటపడినట్టు కనిపించే ఆ పూటే దాన్ని ఆసుపత్రికి చేర్చాల్సిన పూట. విషం రక్తంలోకి ఎక్కుతున్న కొద్దీ మెల్లగా డీలా పడుతుంది, మేత మానేస్తుంది, కళ్లు లోపలికి పోతాయి.

ఉబ్బరానికీ దీనికీ తేడా చేత్తోనే తెలుస్తుంది. గ్యాస్ ఉబ్బరం ఎడమ డొక్క పైభాగంలో ఎత్తుగా లేస్తుంది, వేలితో కొడితే డప్పులా మోగుతుంది. మూత్రం దిగిన పొట్ట రెండు పక్కలా కిందికి జారి వేలాడుతుంది. ఒక పక్క అరచెయ్యి ఆనించి రెండో పక్క తట్టండి, నీళ్ల అల వచ్చి చేతికి తగులుతుంది. డాక్టర్ సన్న సూదితో ఆ నీళ్లు తీసి, వాటిలోనూ రక్తంలోనూ క్రియాటినిన్ (మూత్రంలో పోయే వ్యర్థం) ఎంతుందో పరీక్ష చేయిస్తారు. నీళ్లలో రక్తం కంటే రెండింతలకు పైగా ఉంటే ఇక సందేహం లేదు.

సంచి నిలిచి నాళమే చిట్లితే బొడ్డు చుట్టూ, తొడుగు పొడవునా వాపు వస్తుంది. వేలితో నొక్కితే గుంట పడుతుంది, ఒకటి రెండు రోజుల్లో ఆ తోలు చల్లబడి నల్లబారుతుంది. దీన్ని దెబ్బ వాపనుకుని పసుపు, సున్నం పట్టిస్తారు. తోలు ఊడి వచ్చే దాకా ఎవరికీ అనుమానం రాదు.

పగిలినా ఆశ వదులుకోనక్కర్లేదు. నీళ్లు మెల్లగా తీసేసి, సంచి కుట్టి కేథెటర్ వేస్తే బతికినవి ఉన్నాయి. కానీ పొటాషియం పెరిగి గుండె దెబ్బతినక ముందే రావాలి. అందుకే ఏ మందూ వేయకుండా నొప్పి హఠాత్తుగా ఆగిందంటే గోనెపట్ట తడిసిందో లేదో చూడండి. తడి లేని ఉపశమనాన్ని నమ్మకండి.

మిగతావి

ఎద్దులకు, ఒంగోలు కోడెలకు రాళ్లు ఎక్కువగా మెలికలోనే ఇరుక్కుంటాయి, కాబట్టి కొస కత్తిరించే సులువు అక్కడ లేదు. మూత్రం ధారగా వస్తూ ఎర్రగా ఉంటే అది వేరే సంగతి: పిడుదుల జ్వరమో, ఈనిన గేదెల్లో భాస్వరం తగ్గడమో కావచ్చు. రక్తపరీక్ష చేయించండి.

మళ్లీ రాకుండా

తవుడు తగ్గించండి. మేతలో భాస్వరం ఎక్కువైతే రాళ్లు కడతాయి. తవుడులో, మొక్కజొన్నలో భాస్వరం కాల్షియానికి పది రెట్ల పైమాటే. మొత్తం మేతలో కాల్షియం భాస్వరానికి రెట్టింపు ఉండాలి. కొండ మీద మేసే మందలో ఈ జబ్బు అరుదు. కట్టేసి, తవుడూ నూకా బకెట్ల కొద్దీ పెట్టేచోటే చూస్తాం. చెనక్కాయ కట్టె, కాస్త సుబాబుల్ ఆకు వేసి దాణా తగ్గిస్తే సగం పని అయినట్టే. క్వింటా దాణాకు కిలో ఉప్పుకు తక్కువ కాకుండా కలపండి, దాహమేసి నీళ్లు తాగుతాయి. మన బోర్ల నీళ్లు ఉప్పగా ఉంటే జీవాలు మూతి పెట్టి వదిలేస్తాయి, వాటికి వేరే నీళ్లు చూడాల్సిందే. మూత్రాన్ని ఆమ్లంగా మార్చే అమ్మోనియం క్లోరైడ్ దాణాలో అర నుంచి ఒక శాతం కలుపుతారు. ఒకసారి బిగిసి తెరుచుకున్న వాటికి రోజుకు కిలో బరువుకు 200 మిల్లీగ్రాములు, అంటే 30 కిలోల పొట్టేలికి 6 గ్రాములు. ఎన్నాళ్లో డాక్టర్ చెప్పినంత వరకే. విత్తులు నొక్కించడం నాలుగైదు నెలలు నిండాకే పెట్టుకోండి. చిన్నప్పుడే నొక్కితే నాళం సన్నగానే ఉండిపోతుంది.

ఇక చివరగా అందరూ అడిగేది, కోసేద్దామా అని. మూత్రం బిగిసి రోజులు గడిచిన జీవం మాంసం ఉచ్చ కంపు కొడుతుంది, తినడానికి పనికిరాదు. ఆ లెక్క వేసుకునే ముందే పశువైద్య అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేయండి. చేసినప్పుడు “ముక్కుతోంది” అనకండి, “మూత్రం బిగిసింది, ఇన్ని గంటలైంది” అని చెప్పండి.