డ్రాఫ్ట్ ముందు మన జట్టు లెక్క – 4వ పాఠం: పదో పిక్ ఉంచుకోవాలా, అమ్ముకోవాలా?

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 32 జట్లు ఏటా కొత్త ఆటగాళ్లను రౌండ్లవారీగా, వరసలో ఎంచుకోవడమే డ్రాఫ్ట్; ఆ వరసలో ఒక్కో చోటు ఒక పిక్. ముందు గత పాఠం చివర ఇచ్చిన లెక్క తేల్చేద్దాం: బేర్స్ ఇచ్చిన ధర సరైనదేనా? 2017లో షికాగో బేర్స్ మూడో స్థానం నుంచి రెండో స్థానానికి, అంటే ఒక్క మెట్టు ఎక్కడానికి, శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్‌కు 3, 67, 111 నంబర్ల పిక్‌లు, దాంతోపాటు 2018 మూడో రౌండు పిక్ ఇచ్చింది. ఒక్కో పిక్‌కు పాయింట్లలో విలువ కట్టిన చార్ట్ ప్రకారం 2200 + 255 + 72 కలిపితే 2527. రెండో పిక్ విలువ 2600. తేడా 73. వచ్చే ఏడాది పిక్‌ను ఒక రౌండు తగ్గించి లెక్కేయాలని చెప్పుకున్నాం కదా: 2018 మూడో రౌండు పిక్ అంటే 2017 నాలుగో రౌండు మధ్యలో పిక్ కింద లెక్క, దాదాపు 70. మూడు పాయింట్ల తేడాతో త్రాసు సరిపోయింది. బేర్స్ ఎక్కువ ఇచ్చేసిందని ఇప్పటికీ అంటారు గానీ, ధర సరైనదే. క్వార్టర్‌బ్యాక్‌లలో (బంతి విసురుతూ దాడి నడిపించే ఆటగాళ్లు) మహోమ్స్, వాట్సన్ ఇంకా మిగిలి ఉండగా ట్రుబిస్కీని తీసుకోవడం దగ్గర తప్పింది. ధర ఒక ప్రశ్న, ఎవరిని తీసుకున్నారన్నది ఇంకో ప్రశ్న. వాదనల్లో ఈ రెండూ కలిసిపోతే ఎంతసేపు మాట్లాడినా తేలదు.

ఇక ఈ పాఠం. మీ జట్టు చేతిలో పదో పిక్ ఉందనుకుందాం. అభిమానుల్లో సగంమంది ఒక ఆటగాడి పేరు పట్టుకుని కూర్చుంటారు. మిగతా సగం "కిందికి దిగి ఇంకో పిక్ సంపాదిద్దాం" అంటారు, అంటే మన చోటు వెనకున్న జట్టుకు ఇచ్చి, వాళ్ల చోటుతోపాటు ఇంకో పిక్ తీసుకోవడం. ఈ రెండో మాట వినడానికి బాగానే ఉంటుంది. కానీ అది మాటగా మిగలకుండా నిలబడాలంటే మూడింటికి జవాబు కావాలి: ఎంత ధర? కొనేదెవరు? దిగాక మనకు ఎవరు మిగులుతారు? ఐపీఎల్ వేలం చూసిన అలవాటుతో వచ్చేవారికి ఒక మాట: ఇక్కడ ఆటగాడిమీద పాట పెరగదు. అమ్మేది, కొనేది వరసలో చోటు మాత్రమే.

ధర

డాలస్ కౌబాయ్స్‌లో జిమ్మీ జాన్సన్ కోచ్‌గా ఉన్న 1990ల మొదట్లో తయారైన చార్ట్‌నే ఇప్పటికీ మొదటి కొలతగా వాడతారు. ఈ పాఠానికి కావాల్సిన భాగం నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోండి:

10 – 1300
12 – 1200
14 – 1100
20 – 850
25 – 720
27 – 680
32 – 590
33 – 580
42 – 480
52 – 380
78 – 200
91 – 136
116 – 62

14వ స్థానంలో ఉన్న జట్టు పైకి రావాలంటే 1300 నుంచి 1100 తీసేస్తే 200. చార్ట్‌లో 200 అంటే 78వ పిక్. 14వ స్థానంలోని జట్టుకు మూడో రౌండులో పిక్ కూడా ఆ చుట్టుపక్కలే ఉంటుంది (రౌండుకు 32 పిక్‌లు కాబట్టి 14కు 64 కలిపితే 78). కాబట్టి "మీ మొదటి రౌండు, మూడో రౌండు ఇవ్వండి, మా పది తీసుకోండి" అన్నది న్యాయమైన బేరం. ఇక్కడ రెండో రౌండు పిక్ అడిగేవాళ్లు చాలామంది కనిపిస్తారు. అది దాదాపు 440 పాయింట్లు, న్యాయమైన ధరకు రెట్టింపు పైన. మాక్ డ్రాఫ్ట్ (ఉత్తుత్తి డ్రాఫ్ట్) సిమ్యులేటర్లలో కంప్యూటర్ జట్లు ఇలాంటి బేరాలకు తరచూ తలూపేస్తాయి. నిజం మేనేజర్లు ఊపరు. సిమ్యులేటర్‌లో వచ్చిన బేరాన్ని చార్ట్‌తో సరిచూడకుండా వాదనకు తేవద్దు.

20వ స్థానంలోని జట్టు వస్తే తేడా 450. వాళ్ల రెండో రౌండు పిక్ 52 (380), నాలుగో రౌండు పిక్ 116 (62) కలిపితే 442. చాలు, ఎనిమిది పాయింట్ల దగ్గర ఏ బేరమూ ఆగదు.

ఈ చార్ట్‌కు ఒక లోపం ఉంది. 2011లో కొత్త ఆటగాళ్ల జీతాలకు పరిమితి వచ్చింది. 2010లో మొదటి పిక్ శామ్ బ్రాడ్‌ఫర్డ్ ఒప్పందం ఆరేళ్లకు 7.8 కోట్ల డాలర్లు. మరుసటి ఏడాది మొదటి పిక్ కామ్ న్యూటన్‌కు నాలుగేళ్లకు 2.2 కోట్లు. చార్ట్ అంతకుముందే పుట్టింది కాబట్టి ఈ మార్పు అందులో లేదు. తర్వాత వచ్చిన కొత్త చార్ట్‌లు పై పిక్‌ల విలువ తగ్గించి, రెండు మూడు రౌండ్ల పిక్‌లకు విలువ పెంచాయి. వాటితో చూస్తే కిందికి దిగడం మరింత లాభంగా కనిపిస్తుంది. కానీ బేరం ఒప్పుకునేది అవతలి జట్టు. వాళ్లు ఎంత ఇస్తారో ఊహించడానికి పాత చార్టే దగ్గరగా పనిచేస్తుంది.

కొనేదెవరు

కొనేవాడి పేరు చెప్పలేని ట్రేడ్ (పిక్‌ల మార్పిడి) సలహాను లెక్కలోకి తీసుకోకండి. పదో స్థానానికి ఎక్కి వచ్చే జట్టు సాధారణంగా క్వార్టర్‌బ్యాక్ కోసమే వస్తుంది. అందుకే మీ కింద ఉన్న 11 నుంచి 32 దాకా జట్ల జాబితా తీసి, క్వార్టర్‌బ్యాక్ లేనివాటికి, ఉన్నా వయసు మీరినవాటికి గుర్తు పెట్టండి. ఆ తర్వాత, పదో పిక్ వచ్చేసరికి మొదటి రౌండు స్థాయి క్వార్టర్‌బ్యాక్ ఇంకా మిగిలి ఉంటాడా అని చూడండి. 2024లో మొదటి 12 పిక్‌లలోనే ఆరుగురు క్వార్టర్‌బ్యాక్‌లు వెళ్లిపోయారు. అలాంటి ఏడాది 13వ స్థానంలో కూర్చుని కొనేవాడి కోసం ఎదురుచూస్తే ఎవరూ రారు.

2017ను కాస్త దగ్గరగా చూద్దాం. ఒకే రాత్రి, రెండు స్థానాల తేడాలో, ఒకే రకం బేరాలు రెండు జరిగాయి. కాన్సస్ సిటీ చీఫ్స్ బఫెలో బిల్స్‌కు 27, 91 పిక్‌లు, 2018 మొదటి రౌండు పిక్ ఇచ్చి పదో స్థానానికి వచ్చి మహోమ్స్‌ను తీసుకుంది. 680 + 136 = 816. అంటే 1300కు ఇంకా 484 తక్కువ. హ్యూస్టన్ టెక్సన్స్ క్లీవ్‌లాండ్ బ్రౌన్స్‌కు 25వ పిక్, 2018 మొదటి రౌండు పిక్ ఇచ్చి 12వ స్థానంలో వాట్సన్‌ను తీసుకుంది. 1200 నుంచి 720 తీస్తే 480. రెండు చోట్లా వచ్చే ఏడాది మొదటి రౌండు పిక్ ధర ఈ ఏడాది 42వ పిక్‌తో సమానం, అంటే రెండో రౌండు మధ్య. ఒక రౌండు తగ్గించే సూత్రం ఇంతకంటే స్పష్టంగా కనిపించే చోటు లేదు.

కానీ మరుసటి ఏడాది ఏమైంది? చీఫ్స్ ప్లేఆఫ్స్‌కు వెళ్లింది, వాళ్ల పిక్ 22వ నంబరై బిల్స్ చేతికి వచ్చింది. టెక్సన్స్ 4 గెలిచి 12 ఓడింది, వాళ్ల పిక్ నాలుగో నంబరై బ్రౌన్స్‌కు దక్కింది. ఒకే ధరకు అమ్మినవాళ్లలో ఒకరికి 780, ఇంకొకరికి 1800. కాబట్టి వచ్చే ఏడాది పిక్ అడిగేటప్పుడు ధరతోపాటు ఇచ్చే జట్టును కూడా చూడండి. వచ్చే ఏడాది పడిపోయేలా ఉన్న జట్టు దగ్గర్నుంచి అయితే చార్ట్‌లో ఇరవై ముప్పై పాయింట్లు తక్కువైనా పర్వాలేదు. 2023లో కరొలైనా పాంథర్స్ నుంచి బేర్స్ తీసుకున్న 2024 మొదటి రౌండు పిక్, పాంథర్స్ 2 గెలిచి 15 ఓడడంతో ఏకంగా మొదటి నంబరు పిక్ అయింది. దాంతోనే కేలెబ్ విలియమ్స్ వచ్చాడు.

దిగితే మనకు ఎవరు మిగులుతారు

అసలు పని ఇదే. చాలామంది వదిలేసేదీ ఇదే.

రెండో పాఠంలో చేసుకున్న ఆటగాళ్ల జాబితా తీయండి. వరస నంబర్లు కొట్టేసి, మెట్లుగా విడగొట్టండి. పక్కపక్కనున్న ఇద్దరిలో ఒకడు వేరే జట్టుకు పోయి రెండోవాడు మనకు వస్తే బాధపడతామా? పడకపోతే ఇద్దరూ ఒకే మెట్టు. బాధపడితే అక్కడ అడ్డగీత. ఈ గీతలు గీయడానికి మొహమాటపడకండి. మాసీ, థాలర్ అనే పరిశోధకులు లెక్కగడితే, మైదానంలో ఒకే స్థానంలో ఆడే ఇద్దరిలో ముందు ఎంపికైనవాడు తర్వాతవాడికంటే మెరుగ్గా రాణించేది దాదాపు 52 శాతం సార్లే. ఏడో పేరుకూ తొమ్మిదో పేరుకూ మధ్య మనం ఊహించుకునే దూరం చాలావరకు ఉండదు.

ఇప్పుడు లెక్క. పదో పిక్ సమయానికి మీ రెండో మెట్టులో ఐదుగురు మిగిలారనుకోండి: ఇద్దరు టాకిల్స్ (క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడేవాళ్లు), ఇద్దరు కార్నర్‌బ్యాక్‌లు (అవతలి జట్టు పాస్‌లు అడ్డుకునేవాళ్లు), ఒక ఎడ్జ్ రషర్ (అంచు నుంచి క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకెళ్లేవాడు). 14కు దిగితే మీకంటే ముందు నాలుగు పిక్‌లు (10, 11, 12, 13) పోతాయి. కొన్నవాడు క్వార్టర్‌బ్యాక్‌ను తీసుకుంటాడు కాబట్టి అది మన జాబితాను తాకదు. మిగిలిన ముగ్గురూ మన పేర్లే పట్టుకుపోయినా ఇద్దరు మిగులుతారు. అమ్మేయండి.

20కి దిగితే పది పిక్‌లు, కొన్నవాడిని తీసేస్తే తొమ్మిది. మన చేతిలో ఐదు పేర్లే. ఒక్కడు మిగలాలన్నా ఆ తొమ్మిది జట్లలో కనీసం ఐదు మన జాబితా జోలికి రాకూడదు. అప్పుడు ఒక్కో జట్టు అవసరం రాసుకుంటూ పోవాలి. 2024లో మొదటి 14 పిక్‌లూ అఫెన్స్ ఆటగాళ్లే. డిఫెన్స్ నుంచి మొదటివాడు లయాటు లాటు 15లో కోల్ట్స్‌కు వెళ్లాడు. అలాంటి ఏడాది డిఫెన్స్ కావాల్సిన జట్టుకు దిగడం సులువు. మీ అవసరమూ పక్కవాళ్ల అవసరమూ ఒకటే అయితే 442 పాయింట్లు వచ్చినా దిగవద్దనే నా మాట.

మెట్టులో ఒక్క పేరే మిగిలితే చర్చే అక్కర్లేదు. ఉన్నచోటే అతన్ని తీసుకోవాలి.

32 దగ్గర ఒక మెలిక ఉంది. చార్ట్‌లో 32కూ 33కూ తేడా పది పాయింట్లే. కానీ ఐదో ఏడాది ఆప్షన్ (ఒప్పందాన్ని ఇంకో ఏడాది పొడిగించుకునే జట్టు హక్కు) మొదటి రౌండు ఆటగాళ్ల ఒప్పందాల్లోనే ఉంటుంది. అందుకే రౌండు చివర క్వార్టర్‌బ్యాక్ కోసం పైకి ఎక్కుతారు. 2018లో బాల్టిమోర్ రేవెన్స్ 52, 125 పిక్‌లు, 2019 రెండో రౌండు పిక్ ఫిలడెల్ఫియా ఈగల్స్‌కు ఇచ్చి 32, 132 తీసుకుంది. ఆ 32లో లామార్ జాక్సన్. మీ జట్టు 28–32 మధ్య ఉంటే, రెండో రౌండు మొదట్లో ఉన్న క్వార్టర్‌బ్యాక్ లేని జట్ల జాబితా దగ్గర పెట్టుకోండి. మీకు ఫోన్ వచ్చేది అక్కడి నుంచే.

మొదటి రౌండు అమెరికా తూర్పు సమయం ప్రకారం గురువారం రాత్రి 8కి మొదలవుతుంది. హైదరాబాద్‌లో, విజయవాడలో అది శుక్రవారం తెల్లవారుజామున 5:30. గీతలు గీసిన జాబితా, పేర్లు రాసిన కాగితం రాత్రి పడుకునేముందే సిద్ధం చేసుకోండి. ఒక్కో పిక్ పోతున్నకొద్దీ పేరు కొట్టేస్తూ, మెట్టులో ఎందరు మిగిలారో పక్కన అంకె వేసుకుంటూ పోతే చాలు.

వచ్చే పాఠానికి లెక్క

2025లో జాక్సన్‌విల్ జాగ్వార్స్ 5, 36, 126 పిక్‌లు, 2026 మొదటి రౌండు పిక్ క్లీవ్‌లాండ్ బ్రౌన్స్‌కు ఇచ్చి 2, 104, 200 పిక్‌లు తీసుకుంది. రెండులో జాగ్వార్స్ ట్రావిస్ హంటర్‌ను, ఐదులో బ్రౌన్స్ మేసన్ గ్రహమ్‌ను ఎంచుకున్నాయి. విలువలు: 2 – 2600, 5 – 1700, 36 – 540, 104 – 86, 126 – 46, 200 – సుమారు 11. ఒకటి, 2026 పిక్‌కు ఎంత ధర కట్టినట్టు? అది 2025లో ఎన్నో పిక్‌కు సమానం? రెండు, ఐదుకు దిగేముందు బ్రౌన్స్ మెట్టులో కనీసం ఎన్ని పేర్లు ఉండాలి? హంటర్ వాళ్ల మెట్టులోనే ఉన్నాడనుకుని ఒకసారి, లేడనుకుని ఇంకోసారి లెక్కేయండి.