స్లాట్ కారు ఒకే చోట నీరసపడుతోందా? మోటారు విప్పకండి

ట్రాక్ గాడిలో, పట్టాల నుంచి కరెంటు తీసుకుని పరిగెత్తే బొమ్మ కారే స్లాట్ కారు. అది ఆగిపోతోందని నా దగ్గరికి తెచ్చేవాళ్లు చాలామంది అప్పటికే మోటారు విప్పేసి ఉంటారు. దయచేసి అంతకంటే ముందు ఒక్క పని చేయండి. అదే కారును పక్క లేన్‌లో (గాడిలో) పెట్టి నడపండి. ఇబ్బంది కారుతో పాటే వస్తే లోపం కారులో ఉంది. పాత లేన్‌లోనే ఉండిపోతే ట్రాక్‌లోనో, వేగం మార్చడానికి చేత్తో నొక్కే కంట్రోలర్‌లోనో ఉంది. కంట్రోలర్లు కూడా మార్చి చూస్తే ఆ రెండిట్లో ఏదో తేలిపోతుంది. నిమిషం పట్టదు. ఇది చేయక వారాల తరబడి తిప్పలు పడేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

కారులోనే ఉందని తేలితే పెద్ద విషయం కాదు. నడుస్తూ ఆగి, వేలితో తడితే మళ్లీ కదిలితే అది బ్రెయిడ్ల పనే. కారును గాడిలో పట్టి ఉంచే గైడ్ పక్కన జడలా అల్లిన ఆ రాగి పోగులకు వెంట్రుకలు, మసి పట్టేసి ఉంటాయి. శుభ్రం చేసి, చివర్లు కొంచెం విప్పి, పట్టాలకు తగిలేలా కిందికి వంచండి. మలుపులో వెనక చక్రాలు జారిపోతుంటే టైర్లను టేపు జిగురు మీద దొర్లించండి, దుమ్ము వదులుతుంది. మోటారు తిరిగి చక్రాలు తిరగకపోతే పినియన్, అంటే మోటారు ఇరుసు మీది చిన్న పళ్ల చక్రం, వదులైంది. వెనక్కి నడిస్తే మోటారు వైర్లు తారుమారయ్యాయి.

ట్రాక్‌లో ఉందని తేలితే మాత్రం ఓపికగా చదవండి. నేను రెండు నెలలు మోసపోయింది ఇక్కడే.

సంక్రాంతికి పిల్లలు పాలకొల్లు వచ్చినప్పుడు మేడ మీద గదిలో స్కేలెక్స్‌ట్రిక్ కంపెనీ ట్రాక్ పరిచాం. బ్రహ్మాండంగా నడిచింది. పండగయ్యాక విప్పి, గోనె సంచిలో కట్టి అటకెక్కించాను. శ్రావణంలో మళ్లీ పరిస్తే కారు పవర్ బేస్ (ట్రాక్‌కు కరెంటు అందించే ముక్క) దగ్గర హుషారుగా బయలుదేరి, పోనుపోను నెమ్మదించి, అవతలి మలుపుకొచ్చేసరికి పాకుతోంది. ఆ మలుపు దాటగానే ఒక్కసారిగా దూకుతోంది. పట్టాలు తళతళలాడేలా తుడిచాను. మల్టీమీటర్ పెడితే ఎక్కడ చూసినా 12 వోల్టులే. ట్రాక్ బాగానే ఉందనుకుని మోటారు మార్చాను, తర్వాత అడాప్టర్ మార్చాను. ఏమీ మారలేదు. చివరికి మా వీధిలో టీవీలు బాగుచేసే ఆయన ఒకటే అడిగారు: "లోడు పెట్టి కొలిచారా అండీ?"

లోడు అంటే కరెంటు లాగే వస్తువు. మల్టీమీటర్ దాదాపు కరెంటే లాగదు. కరెంటు పారనప్పుడు ట్రాక్ ముక్కల మధ్య తుప్పు పట్టిన అతుకులో కూడా వోల్టేజీ పడిపోదు, అందుకే మీటరు 12 చూపిస్తుంది. కారు వచ్చి 0.4 ఆంపియర్లు లాగితే కథ మారుతుంది. దారిలో అతుకులన్నీ కలిపి 5 ఓమ్‌లు అడ్డుంటే 2 వోల్టులు అక్కడే పోతాయి. పైగా ట్రాక్ గుండ్రంగా కలిసి ఉంటుంది కాబట్టి కరెంటు రెండు వైపుల నుంచీ వస్తుంది. ఒక అతుకు పూర్తిగా చచ్చినా కారు ఆగదు. ఆ అతుకు వరకు నీరసంగా వచ్చి, దాటగానే అవతలి వైపు కరెంటు అందుకుని దూకుతుంది. ఆ దూకే చోటే దొంగ దాక్కున్నాడు.

పట్టుకోవడానికి బైక్ పార్కింగ్ లైటుకు వాడే 12 వోల్టుల, 5 వాట్ల బల్బు చాలు. అది కూడా ఇంచుమించు కారంత కరెంటే లాగుతుంది. రెండు వైర్లు అతికించి, ఒకరు కంట్రోలర్ పూర్తిగా నొక్కి పట్టుకుంటే, మీరు ఆ లేన్ రెండు పట్టాలకూ వైర్లు ఆనిస్తూ ముక్క ముక్కకూ జరగండి. ఏ అతుకుకు ఇటూ అటూ వెలుగులో పెద్ద తేడా కనిపిస్తే అదే. (ఇదంతా అనలాగ్ సెట్ల సంగతి, అంటే లేన్‌కు ఒక కంట్రోలర్ ఉండేవి.)

ఆ రెండు ముక్కలు విడదీసి చూడండి. పైన పట్టా మెరుస్తున్నా, లోపల ఒకదాన్నొకటి తాకే నాలుకల మీద గోధుమరంగు పొర ఉంటుంది. స్కేలెక్స్‌ట్రిక్ పట్టాలు స్టెయిన్‌లెస్ కావు. చుట్టూ కాలవలు, చెరువులు, నరసాపురం వైపైతే ఉప్పుగాలి కూడా ఉన్న మన డెల్టాలో ఒక్క వానాకాలం చాలు. కరేరా కంపెనీ పట్టాలు స్టెయిన్‌లెస్ స్టీల్, వాటికి ఈ బాధ తక్కువ.

నాలుకల్ని రాత చెరిపే గట్టి రబ్బరుతో రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, సన్నటి స్క్రూడ్రైవర్‌తో కొద్దిగా వంచి బిగుతు చేయండి. గరుకు కాగితం వద్దు, పైపూత లేచిపోయి తుప్పు ఇంకా తొందరగా పడుతుంది. మన ఇళ్లలో ప్రతిదానికీ చెయ్యి కొబ్బరి నూనె సీసా మీదికే పోతుంది, దాన్నీ దూరంగా పెట్టండి. చలికి గడ్డకట్టి, దుమ్ము పట్టి, జిగురవుతుంది.

ట్రాక్ పెద్దదైతే పవర్ బేస్ నుంచి అవతలి వైపుకు అడుగున విడిగా వైర్లు వేసుకోండి. ఏ పట్టా నుంచి తీసిన వైరును అదే పట్టాకు కలపాలి, పక్కదానికి కలిపితే షార్టవుతుంది. సోల్డరింగ్ ఐరన్ ఎక్కువసేపు ఆనిస్తే ప్లాస్టిక్ కరుగుతుంది. మళ్లీ అటకెక్కించేటప్పుడు గోనె సంచి వద్దు, అది చెమ్మ పీల్చుకుంటుంది. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి.