కంఠతా వచ్చిన వాక్యంతో స్త్రీలకు చదువు నేర్పడం ఎలా

స్త్రీలకు చదువు నేర్పాలని పూనుకున్న మిషనరీ ముందుగా గుర్తించవలసిన సంగతి ఒకటి ఉంది. ఎదుట కూర్చున్న విశ్వాసురాలికి అక్షరం రాకపోయినా బైబిలు వాక్యం వచ్చు. ఏళ్ల తరబడి విన్నందువల్ల 23వ కీర్తన ఆమెకు కంఠతా ఉంటుంది. పాఠానికి ఆ జ్ఞాపకమే పెట్టుబడి. ఏమరుపాటుగా ఉంటే పాఠాన్ని మింగేసేది కూడా అదే.

‘యెహోవా నా కాపరి, నాకు లేమి కలుగదు’ అని పెద్ద అక్షరాలతో రాసి ఆమె ముందుంచితే, వేలు ఆనించి గడగడా చెప్పేస్తుంది. వేలు ‘కాపరి’ దగ్గర ఉండగానే నోరు ‘కలుగదు’ దాకా వెళ్లిపోతుంది. మధ్యలో ‘లేమి’ని చూపించి ఇదేమిటని అడిగితే, మళ్లీ ‘యెహోవా’ నుంచి ఎత్తుకుంటే తప్ప చెప్పలేదు. ఇది వల్లించడమే గాని చదవడం కాదు.

అందువల్ల ఆ వాక్యాన్ని మొదట మాటలుగా, తరువాత అక్షరాలుగా అట్టముక్కలపై రాసి వరుస తప్పేలా కలిపేయాలి. అందులో ఉన్నవి 15 అక్షరాలు. ఒక్క ఒత్తు గాని, విడి అచ్చు గాని లేదు. పెద్దవారిని ‘అ, ఆ’లతో మొదలుపెట్టి ‘ౠ’ దాకా లాక్కుపోవడం కన్నా ఇది ఎంతో నయం. ఆ ముక్కలతోనే నాలుక, పలుకు, కాలు, కాదు, లేదు, లేక అనే మాటలు పేర్చవచ్చు. ఇవేవీ వాక్యంలో లేవు కనుక జ్ఞాపకం ఆదుకోదు. కన్ను పని చేయక తప్పదు. ‘నా’, ‘లు’, ‘క’ అని కూడబలుక్కుని, క్షణం ఆగి, ‘నాలుక!’ అన్ననాడు ఆమె మొదటిసారి చదివినట్టు లెక్క. క, కా, కు పక్కపక్కన పెడితే గుణింతం అక్కడే మొదలవుతుంది. ‘ప’, ‘వ’లను మాత్రం ఒకే రోజు చెప్పకూడదు, తలకట్టు ఒకదానికి విడిగా, మరొకదానికి అంటుకుని ఉండడం కొత్త కంటికి ఆనదు. ఒత్తుల కోసం తొందర అక్కరలేదు, రెండవ వచనంలోని ‘పచ్చికగల చోట్ల’ వాటిని తెచ్చిపెడుతుంది.

నలభై దాటిన స్త్రీ అక్షరాలు పోల్చుకోలేకపోతే, మందబుద్ధి అని అనుకోకముందు చత్వారం ఉందేమో చూడాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, తరగతి మానేయడానికి ఇదొక్కటే చాలు.

వేళను, చోటును నేర్చుకునేవారే నిర్ణయించాలి. 19వ శతాబ్దంలో భారతదేశానికి వచ్చిన జెనానా (ఇంట్లో స్త్రీలు ఉండే భాగం) మిషన్ల స్త్రీలు, పరదా వల్ల బయటికి రాలేనివారి కోసం తామే ఇళ్లలోకి వెళ్లి చదువు చెప్పారు. పనుల మధ్య దొరికే అరగంట ఎప్పుడన్నది ఆ ఇంటి స్త్రీకే తెలుస్తుంది.

క్రైస్తవేతర స్త్రీ వస్తే ఆమెకు వచ్చిన పాటతోనో, ఆమె పిల్లల పేర్లతోనో మొదలుపెట్టాలి. చదువును మతానికి ఎరగా వేయడం నా దృష్టిలో చదువుకూ, విశ్వాసాన్ని చాటే సాక్ష్యానికీ కూడా చేటు.

అమెరికన్ మిషనరీ ఫ్రాంక్ లాబాక్ ఫిలిప్పీన్స్‌లోని లనావోలో, ముస్లింలైన మరనావో ప్రజల మధ్య అక్షరాస్యత పని చేశారు. 1930వ దశకం ఆరంభంలో బోధకుల జీతాలకు డబ్బు కరువైనప్పుడు, నేర్చుకున్న ప్రతివారూ మరొకరికి నేర్పే పద్ధతి అక్కడ బలపడింది. డబ్బున్నా ఈ పద్ధతి పాటించదగినదే. పది మాటలు చదవగలిగిన వెంటనే ఆ అట్టముక్కల కట్టను ఆమెకే ఇచ్చి, పక్కింటి స్త్రీకి చూపించమనాలి. తప్పు చెబుతుందేమోనని వెంట వెళ్లకూడదు. మరుసటి తరగతిలో ‘ఆమె ఎక్కడ ఆగింది?’ అని అడిగితే చాలు; ఆ జవాబును బట్టి ఈమెకు ఏ అక్షరం ఇంకా పట్టుబడలేదో తెలిసిపోతుంది.