షూటింగ్ రేంజ్ దూరమైతే మెంబర్‌షిప్ కట్టాలా, వద్దా?

దూరం సంగతి తర్వాత. ముందు మీరు కాల్చేదేమిటో చూసుకోండి. తూటా పేల్చే .22 రైఫిల్‌తో 50 మీటర్లు కాల్చేవాళ్లకు రేంజూ తప్పదు, సొంత రైఫిల్ అయితే లైసెన్సూ తప్పదు. ఎంత దూరమైనా వెళ్లాల్సిందే. పది మీటర్ల దూరం నుంచి గాలి పీడనంతో పెల్లెట్ (చిన్న సీసపు గుండు) కాల్చే ఎయిర్ రైఫిల్, ఎయిర్ పిస్టల్ వాళ్లకు మాత్రం సాధనలో చాలా భాగం ఇంట్లోనే అయిపోతుంది. ఈ లెక్క వాళ్ల కోసమే.

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి నుంచి విశాఖ వైపు రేంజ్‌కి 110 కిలోమీటర్లనుకోండి. రానూపోనూ 220. కారు లీటరుకి 15 ఇస్తే, లీటరు 110 రూపాయల చొప్పున పెట్రోలుకే 1,600. టోలు, టిఫిను వేరు. విజయనగరం నుంచి 60 కిలోమీటర్లనుకుంటే 880తో పోతుంది. ఏడాది ఫీజు 12,000 అనుకుందాం. 40 సార్లు వెళ్తే ఒక్కోసారికి పడేది 300, 20 సార్లయితే 600. అసలు ఖర్చు ఫీజులో లేదు, తోవలో ఉంది. కాబట్టి ఫీజు వెయ్యి తగ్గించమని బతిమాలే బదులు కారులో ఇంకో ఇద్దరిని ఎక్కించుకోండి. మనిషికి 540 లోపు పడుతుంది.

52 ఆదివారాలూ వెళ్తామని మాత్రం లెక్క వేయకండి. సంక్రాంతి, పెళ్లిళ్లు, పరీక్షలు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాన్లు తీసేస్తే 30 మిగిలినా గొప్పే. మెంబరు కాకుండా రోజుకింత అని కట్టి కాల్చనిస్తే ఆ రేటుతో ఏడాది ఫీజును భాగించండి. రోజుకి 500 అయితే 24 సార్లు దాటాకే మెంబర్‌షిప్ గిట్టుబాటు.

డబ్బు కట్టేముందు నాలుగుసార్లు అలా వెళ్లి చూడండి, అదీ మీరు ఎప్పుడూ వెళ్లబోయే రోజు, వేళలోనే. చిన్న నోటుబుక్కులో ఇంటి గుమ్మం దాటిన టైము, మొదటి షాటు, చివరి షాటు, పది షాట్ల సిరీస్ ఒక్కోదాని స్కోరు రాయండి. మూడో సిరీస్ బాగుండి మొదటిది ప్రతిసారీ పడిపోతుంటే స్టీరింగ్ పట్టిన అలసట ఇంకా భుజాల్లోనే ఉందన్నమాట. దిగగానే కాల్చే లేన్‌లోకి పోకుండా అరగంట ఆగాలి. ఆ అరగంటా లెక్కలోకి రావాలి. రోడ్డు మీద నాలుగున్నర గంటలు పోయి, లేన్ దొరికేది గంటే అయితే ఆ రేంజ్ మనకు కాదు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రెండు స్లాట్లు ఒకేరోజు ఇస్తారేమో అడగండి. మ్యాచ్‌లో 60 షాట్లకు 75 నిమిషాలు, దానికి ముందు గురి సరిచూసుకునే సైటింగ్‌కు 15. గంట స్లాట్‌లో ఒక మ్యాచ్ కూడా పట్టదు.

ఇంకో మూడు సంగతులు కనుక్కోవాలి. క్లబ్బు రాష్ట్ర రైఫిల్ అసోసియేషన్‌కు అనుబంధమా? పోటీలకు వెళ్లేవాళ్లకు ఇదే ముఖ్యం. మీరు వెళ్లే రోజున కోచ్ ఉంటారా? లేకపోతే అంత దూరం వెళ్లి ఒంటరిగా కాల్చుకోవడమే. గన్‌కు బిగించే గాలి సిలిండర్‌ను అక్కడ నింపుతారా? మ్యాచ్ గన్ సిలిండర్ల ఆయుష్షు సాధారణంగా పదేళ్లు. సెకండ్‌హ్యాండ్ గన్ అయితే దాని మీది తేదీ ముందే చదవండి, గడువు దాటినదాన్ని నింపడం ప్రమాదం.

మిగతా వారమంతా ఇంట్లో డ్రై ఫైర్, అంటే పెల్లెట్ లేకుండా గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కడం. గన్‌లో పెల్లెట్ లేదని రెండుసార్లు చూసుకున్నాకే ఎత్తండి. హాల్లో ఐదు మీటర్లు కొలిచి, ఎదుటి గోడకు తెల్ల కాగితం మీద నల్ల చుక్క అతికించండి. రైఫిల్ టార్గెట్‌లో నలుపు 30.5 మిల్లీమీటర్లు కాబట్టి సగం దూరానికి 15, పిస్టల్‌కి 59.5లో సగం, అంటే 30. వారంలో నాలుగు రోజులు, రోజుకి అరగంట. ఇంట్లో తేలనివి సైట్ జీరో (గురి పెట్టిన చోటే పెల్లెట్ తగిలేలా సైటు సర్దుకోవడం), గ్రూపు (షాట్లన్నీ ఎంత దగ్గరగా పడుతున్నాయన్నది), 60 షాట్లూ నిలబడే ఓపిక. నెలకు రెండుసార్లు రేంజ్‌కి వెళ్తే వీటికి చాలు. అంటే ఏడాదికి 24 సార్లు, సరిగ్గా పైన గిట్టుబాటు తేలిన చోటే. అక్కడ ఆగిపోయేవాళ్లు రోజువారీ డబ్బులు కట్టుకోవడమే నయం.

వెళ్లేరోజు వేసవైతే నిండా నింపిన సిలిండర్‌ను ఎండలో మూసిన కారులో వదలకండి. వేడికి లోపలి పీడనం పెరుగుతుంది.