లోయరింగ్ చేశాక బండి కొట్టుకుంటోందా? షాకప్‌లు మార్చే ముందు కిందికి దూరి చూడండి

నల్గొండ చుట్టుపక్కల ఏపీ 24 నంబరు పాత మారుతి జెన్‌లు, 800లు ఇంకా బాగానే తిరుగుతున్నాయి. బండి ఎత్తు తగ్గించే కొత్త లోయరింగ్ స్ప్రింగులు కొనేంత డబ్బు లేక, ఉన్న స్ప్రింగులోనే ఒక చుట్టు కోయించుకునే కుర్రాళ్లు ఎక్కువ. కోయడమే తప్పని నేను అనను. గ్యాస్ కట్టర్‌తో కాల్చకుండా, గ్రైండర్‌తో మధ్యమధ్య చల్లారనిస్తూ కోస్తే, జాకీ మీద ఎత్తినప్పుడు స్ప్రింగు సీటులోంచి జారకుండా ఉంటే, 30 మిల్లీమీటర్ల వరకు దించుకుని తిప్పుకోవచ్చు. ఇవన్నీ మీకు తెలుసనుకునే రాస్తున్నాను. నా దగ్గరికి వచ్చే బండ్లన్నీ ఆ తర్వాతి బాధలతో వస్తాయి. వచ్చిన ప్రతివాళ్లూ అడిగే మొదటి మాట, "అన్నా, షాకప్‌లు ఎంతవుతాయి?" అనే. బండి ఊపును ఆపే ఆ షాకప్ (షాక్ అబ్జార్బర్) సంగతి చివర్లో చూద్దాం.

చిన్న గుంటకే దడేల్‌మని తగులుతోంది

ఇది చాలావరకు బంప్ స్టాప్ పని. ముందు స్ట్రట్ (స్ప్రింగు, షాకప్ కలిసి ఉండే భాగం) రాడ్ మీద, వెనక చక్రాలు రెంటినీ కలిపే యాక్సిల్‌కి పైన ఉండే రబ్బరు ముక్క అది. బండిని 30 మిల్లీమీటర్లు దించితే, చక్రం పైకి లేవడానికి ఉన్న జాగాలోంచే ఆ 30 పోతాయి. రబ్బరు మాత్రం ఎంత పొడవుందో అంతే ఉంటుంది. దాంతో నలుగురు ఎక్కగానే బండి స్ప్రింగు మీద కాకుండా రబ్బరు మీద కూర్చుంటుంది. "స్ప్రింగు గట్టిపడిందన్నా" అంటారు. గట్టిపడే మాట నిజమే. పనిచేసే చుట్లు ఆరు ఉన్న స్ప్రింగులో ఒకటి తీసేస్తే బిగువు 20 శాతం పెరుగుతుంది. కానీ అంతమాత్రానికి నడుము కదిలిపోయేంత దెబ్బ తగలదు.

చూసుకోవడానికి పెద్ద ఖర్చేమీ లేదు. ముందు స్ట్రట్ రాడ్ మీది రబ్బరు తొడుగు (బూటు) పైకి జరిపి, రాడ్ అడుగున ఒక జిప్ టై బిగించండి. వెనక రబ్బరుకు సుద్ద దట్టంగా పూయండి. ఊళ్లో ఒక రౌండ్ మామూలుగా నడిపి వచ్చి చూడండి. జిప్ టై పైకి పోయి రబ్బరు కింద ఇరుక్కున్నా, సుద్ద ఎదుటి ఇనుముకు అంటినా, తగులుతున్నట్టే లెక్క. అప్పుడు రబ్బరును కింది వైపు నుంచి మూడో వంతు వరకు పదునైన కత్తితో సమంగా కోయండి. మొత్తం తీసేయకండి. తీసేస్తే ఇనుముకు ఇనుము తగిలి బాగున్న షాకప్ కూడా పోతుంది. ఈ ఒక్కటి చూసుకోకుండా షాకప్‌లకు వేలు పోసిన బండ్లను నేను లెక్కలేనన్ని చూశాను. చూసినప్పుడల్లా కడుపు మండుతుంది.

అనుకున్నంత దిగలేదు, మూడు వారాలకు మరీ దిగిపోయింది, టక్ టక్‌మంటోంది

దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. నన్ను ముంచింది ఇదే.

మా అక్క కొడుకు జెన్‌కు నాలుగు స్ప్రింగులూ కోశాం. బండిని స్టాండ్ల మీద పెట్టి, బోల్టులన్నీ అక్కడే గట్టిగా బిగించి కిందికి దించాం. వెనకవైపు చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా టేపు పెడితే 18 మిల్లీమీటర్లే దిగింది. "మామా, ఇంకా దిగలేదే. ఇంకో అర చుట్టు తీద్దామా?" అన్నాడు. సరేరా అన్నాను. తీశాక చూడ్డానికి బాగా కుదిరింది. మూడో వారంలో మిర్యాలగూడ పోతుంటే తిప్పర్తి దగ్గర స్పీడ్ బ్రేకర్‌కు సైలెన్సర్ గీరుకుంది. బండి ఇంకా కిందికి జారింది, అదీ కుడివైపే ఎక్కువ. వెనక నుంచి టక్ టక్. రెండు షాకప్‌లు కొత్తవి వేశాం. శబ్దం అట్లాగే ఉంది. చివరికి సర్వీసింగ్ గుంట మీద పెట్టి టార్చ్ వేసి చూస్తే, కుడివైపు ట్రెయిలింగ్ ఆర్మ్ (యాక్సిల్‌ను బండి అడుగుకు పట్టి ఉంచే కడ్డీ) చివర ఉండే బుష్‌లో రబ్బరు ఒక పక్క నెలవంకలా చీలి ఉంది. మిగతా రబ్బరు పిండిన బట్టలా మెలితిరిగి ఉంది.

ఎందుకిలా అవుతుందంటే, ఈ బుష్‌లో లోపల ఒక ఇనుప గొట్టం, బయట ఒకటి, మధ్యలో రెంటికీ అతుక్కున్న రబ్బరు ఉంటాయి. బోల్టు బిగించగానే లోపలి గొట్టం బ్రాకెట్‌కు పట్టేస్తుంది. ఆ తర్వాత చక్రం పైకీ కిందికీ ఆడినప్పుడు ఏదీ జారదు, రబ్బరే మెలితిరిగి వెనక్కి వస్తుంది. చక్రాలు వేలాడుతున్నప్పుడు బిగిస్తే, రబ్బరుకు ఆ వేలాడే తీరే అసలు స్థానం అవుతుంది. బండిని నేల మీద పెట్టగానే రబ్బరు మెలిపడి, ఇంకో స్ప్రింగులా బండిని పైకి తోస్తూ ఉంటుంది. అందుకే బండి తక్కువ దిగినట్టు కనిపిస్తుంది. మనం స్ప్రింగును అనుమానించి ఇంకాస్త కోస్తాం. కొన్నాళ్లకు రబ్బరు అలిసిపోయి చీలుతుంది, ఆ తోపు పోతుంది, బండి ఒక్కసారిగా కిందికి వస్తుంది. కోసిన అర చుట్టును మళ్లీ అతికించలేం. చివరికి పాత సామాన్ల దుకాణాల్లో వెతికి వెనక స్ప్రింగులు రెండూ తెచ్చి, మొదటి నుంచి పని మొదలుపెట్టాల్సి వచ్చింది. పాత బండిలో రబ్బరు ముందే ఎండిపోయి ఉంటుంది కాబట్టి ఈ దెబ్బ ఇంకా తొందరగా తగులుతుంది.

మీ బండిలో ఇదే జరుగుతోందా అనేది సుద్దగీతతో తెలుస్తుంది. బండి నాలుగు చక్రాల మీద ఉండగా, లోపలి గొట్టం మీదుగా, రబ్బరు మీదుగా, ఆర్మ్ దాకా ఒకే సరళరేఖ గీయండి. తర్వాత బోల్టును ఒక చుట్టు వదులు చేయండి. వదలగానే లోపలి గొట్టం తిరిగి గీత విరిగిందంటే, రబ్బరు మెలిపడి ఉన్నట్టే.

బాగు చేయడం కష్టం కాదు. సర్వీసింగ్ గుంట ఉంటే అక్కడికి తీసుకెళ్లండి. లేకపోతే నాలుగు చక్రాల కింద ఒకే ఎత్తు దుంగ చెక్కలు పెట్టండి. ఇటుకలు వద్దు, పగిలిపోతాయి. ముందు చక్రాన్ని కింది నుంచి పట్టుకునే లోయర్ ఆర్మ్ లోపలి బోల్టులు, వెనక ట్రెయిలింగ్ ఆర్మ్‌ల రెండు చివర్లు, యాక్సిల్‌ను అడ్డంగా పట్టుకునే లాటరల్ రాడ్ రెండు చివర్లు అన్నీ వదులు చేయండి, ఊడదీయకండి. నాలుగు మూలలా బండిని చేత్తో అదిమి అదిమి వదలండి. వీలైతే గేరు తీసి ఒక అడుగు ముందుకు, వెనక్కి నెట్టండి. బండి తన బరువుతో తాను కుదురుకున్నాక, ఆ స్థితిలోనే బిగించండి. బిగింపు లెక్క మీ మోడల్ మాన్యువల్లో ఉంటుంది. రబ్బరు చీలి ఉంటే కొత్త బుష్ వేసే తీరాలి, షాకప్ కంటే చవకే. ఇంతా అయ్యాకే టేపు పెట్టి ఎత్తు కొలవండి. అంతకుముందు కొలిచిన ఎత్తు నమ్మి స్ప్రింగు మీద గ్రైండర్ పెట్టకండి, దయచేసి.

మిగతావి

ముందు టైర్లు లోపలి అంచున అరుగుతుంటే అలైన్‌మెంట్ చేయించలేదని అర్థం. బండి దిగితే టో, అంటే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, మారుతుంది. బుష్‌లు సరిచేశాక చేయించండి, ముందు చేయిస్తే ఆ డబ్బు దండగ. వెనక ఒక టైరు కొన్ని మిల్లీమీటర్లు బయటికి జరిగినట్టుంటే అది లాటరల్ రాడ్ వల్ల. కొద్దిపాటి జరుగుడుకు కంగారు పడొద్దు, టైరు ఫెండర్‌కు తగలకపోతే చాలు. గుంట దాటాక బండి రెండు మూడు సార్లు ఊగితేనే షాకప్ పోయినట్టు. స్టీరింగ్ తిప్పితే పైన టిక్‌మంటే, స్ట్రట్ పైభాగాన్ని బాడీకి పట్టి ఉంచే స్ట్రట్ మౌంట్ పోయినట్టు. వెనక బ్రేకుకు లోడు వాల్వు (బరువును బట్టి బ్రేకు ఒత్తిడి మార్చేది) ఉన్న మోడళ్లలో దాని లింకు సరిచేయించండి, లేకపోతే ఖాళీ బండికి కూడా వెనక చక్రాలు పట్టేస్తాయి. ఇవి అరుదు.

ఎంత దించాలో ఇంకా తేల్చుకోనివాళ్లకు ఒక లెక్క. జెన్ నేల నుంచి ఎత్తు 165 మిల్లీమీటర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు. మన ఊళ్లలో వేసేవి అంత వెడల్పు ఉండవు, నిటారుగా లేస్తాయి. 30 దించి నలుగురిని ఎక్కించుకుంటే ఏమాత్రం మిగులుతుందో చూసుకోండి. ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా ఉంది. ఆర్టీవో ఆఫీసులో, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర ముందే అడిగి పని మొదలుపెట్టండి.

పని అయిన రెండు వారాలకు అదే నేల మీద, అవే నాలుగు చోట్ల మళ్లీ టేపు పెట్టండి. అందుకే మొదటి కొలతలు ఫోన్‌లో రాసి ఉంచుకోవాలి. ఏదో ఒక మూల మాత్రమే 5 మిల్లీమీటర్లకు మించి జారిందంటే, ముందు ఆ మూల బుష్‌కు టార్చ్ వేయండి.